చేతిలో ఉన్న ఓటు, చేతిలో లేని ఓటు



గాజువాక, అగనంపూడి, పెదగంట్యాడ వైపు ఉక్కు కర్మాగారం మాట రాని ఇల్లు ఉండదు. ఒక ఇంట తండ్రి అందులో పనిచేసి రిటైరై ఉంటాడు. ఒక ఇంట కొడుకు కాంట్రాక్టు పనికి వెళ్తుంటాడు. ఇంకొక ఇంట తాతగారు భూమి ఇచ్చి, ఆర్ కార్డు తెచ్చుకుని, అది బీరువాలో దాచి ఉంచుతారు. అటువంటి ఇళ్ళకు వెళ్ళినప్పుడు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "అయ్యగారూ, కర్మాగారాన్ని అమ్మవద్దని అసెంబ్లీలో తీర్మానం చేశారు గదా. మరి ఆ మాట ఎందుకు చెల్లలేదు?"

ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పుకోవాలంటే ఆ రోజు సభలో ఏమి జరిగిందో ముందుగా తెలుసుకోవాలి. ఒక పార్టీని పొగడటానికి గాని, ఇంకొక పార్టీని తెగడటానికి గాని మేము ఇది వ్రాయడం లేదు. అన్ని పార్టీలవారూ మన సంఘాలలో ఉన్నారు. అందరికీ ఉపయోగపడే మాట ఒకటి ఆ రోజులో ఉంది గనుక వ్రాస్తున్నాము.

ఆ రోజు 2021 మే 20, గురువారం. కరోనా రెండవసారి విజృంభించిన కాలం. మే 5 నుండి రాష్ట్రంలో మధ్యాహ్నం 12 గంటలు దాటితే కర్ఫ్యూ. ఆ నెలలో ఆక్సిజన్ సిలిండరు కోసం తిరిగిన కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అటువంటి సమయంలో వెలగపూడిలోని శాసనసభ ఒక్క రోజు కోసం సమావేశమైంది. అలా సమావేశం కావడానికి కారణం ఉంది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండరాదని రాజ్యాంగం చెబుతుంది. అంతకు ముందటి సమావేశాలు 2020 డిసెంబరు మొదటి వారంలో ముగిశాయి. పైగా మార్చిలో జరగవలసిన బడ్జెట్ సమావేశం జరగలేదు. ఏప్రిల్, మే, జూన్ నెలల ఖర్చుకు ఆర్డినెన్సు మాత్రమే తెచ్చారు. జూన్ దాటితే జీతాలకు, పింఛన్లకు ఖజానా నుండి డబ్బు తీయడానికి అధికారం ఉండదు. అందుచేత సభ కూర్చోక తప్పలేదు.

ఆ ఒక్క రోజులోనే గవర్నరు బిశ్వభూషణ్ హరిచందన్ గారు విజయవాడ రాజ్‌భవన్ నుండి వీడియో ద్వారా ప్రసంగించారు. ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ గారు 2,29,779 కోట్ల రూపాయల బడ్జెట్ ప్రవేశపెట్టారు. ఆ బడ్జెట్ అదే రోజు ఆమోదం పొందింది. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నూటికి నూరు శాతం ప్రైవేటుపరం చేయాలన్న కేంద్ర నిర్ణయాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం కూడ అదే రోజు సభ ఆమోదం పొందింది. దానిని ప్రవేశపెట్టినవారు పరిశ్రమల మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు. ఆయన 2022 ఫిబ్రవరిలో మరణించారు. సభలో ప్రధాన ప్రతిపక్షమైన తెలుగుదేశం కుర్చీలు ఆ రోజు ఖాళీగా ఉన్నాయి. ఒక్క రోజు సమావేశం మొక్కుబడి అని చెప్పి వారు బహిష్కరించారు.

ఆ రోజు సభ అనేక పనులు చేసినా, మనము రెండు ఓట్లను ప్రక్కప్రక్కన పెట్టి చూద్దాం. ఒకటి బడ్జెట్ మీద ఓటు. రెండవది ఉక్కు మీద ఓటు. బయటి నుండి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. స్పీకరు గారు ప్రతిపాదన చదివి, ఒప్పుకునేవారెవరు, ఒప్పుకోనివారెవరు అని అడుగుతారు. సభ్యులు గొంతెత్తి చెబుతారు. ఎటు ఎక్కువ గొంతులు వినిపిస్తే అటు నిర్ణయం ప్రకటిస్తారు. ఎవరైనా అభ్యంతరం చెబితే సభ్యులను లెక్కిస్తారు. ఇంతవరకు రెండిటికీ తేడా లేదు. వాటి బలంలో మాత్రం చాలా తేడా ఉంది.

బడ్జెట్ మీద ఓటు చట్టమవుతుంది. దానినే ద్రవ్య వినిమయ బిల్లు అంటారు. ఆ బిల్లు లేకుండా ముఖ్యమంత్రి అయినా సరే ఖజానా నుండి ఒక్క రూపాయి తీయలేరు. మన ఊరి బడికి పైకప్పు వేయాలన్నా, చెరువు గట్టు పోయాలన్నా, ఆసుపత్రికి నర్సును పంపాలన్నా ఆ ఓటు గుండానే రావాలి. ఇది పూర్తిగా శాసనసభ చేతిలో ఉన్న పని. ఢిల్లీని అడగనక్కరలేదు.

ఉక్కు మీద ఓటు అటువంటిది కాదు. కర్మాగారం నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ కేంద్ర ప్రభుత్వ సంస్థ. దానిలో వాటాలు అమ్మాలని 2021 జనవరి 27న నిర్ణయించినది కేంద్ర మంత్రివర్గ సంఘం. రాష్ట్ర శాసనసభ చేసిన తీర్మానం రాష్ట్ర ప్రజల మనసు ఇది అని చెప్పే మాట మాత్రమే. దానిని మన్నించాలని కేంద్రాన్ని కట్టిపడవేసే చట్టం లేదు. "మరి ఆ మాట ఎందుకు చెల్లలేదు" అన్న ప్రశ్నకు సూటి జవాబు ఇదే. అది విన్నపమే గాని ఆజ్ఞ కాదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ రోజు రాలేదు గాని, తెలుగుదేశం పార్టీ కూడ కర్మాగారం అమ్మకాన్ని వ్యతిరేకించింది. ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారు 2021 ఫిబ్రవరిలో ప్రధానమంత్రికి లేఖ వ్రాశారు. ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబునాయుడు గారు కూడ వ్రాశారు. అంటే ప్రతిపక్షం సభలో ఉన్నా ఉక్కు తీర్మానం గెలిచేదే. లేకపోవడం వలన దానికి నష్టం ఏమీ కలుగలేదు.

నష్టం కలిగినది బడ్జెట్‌కు. మామూలు ఏళ్ళలో బడ్జెట్ పెట్టిన తరువాత సభ్యులు దానిని చదువుకోవడానికి వ్యవధి ఇస్తారు. తరువాత రోజుల తరబడి చర్చ జరుగుతుంది. వ్యవసాయానికి ఇంత ఎందుకు, నీటిపారుదలకు ఇంతేనా, పోయిన ఏడు ఇచ్చినది ఖర్చయిందా అని శాఖల వారీగా అడుగుతారు. ఆ రోజు అంత వ్యవధి లేదు. అడగవలసినవారు సభలోనే లేరు. 2,29,779 కోట్లు అంటే మనబోటి వారికి ఊహకు అందదు. 2011 లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభా సుమారు 5 కోట్లు. పంచి చూస్తే తలకు దాదాపు 46 వేల రూపాయలు. అయిదుగురున్న కుటుంబానికి 2 లక్షల 30 వేలు. ఆ సొమ్ము ఎక్కడికి వెళ్ళాలన్నది ఒక్క రోజులో ముగిసింది.

కరోనా మూలంగా అలా జరిగిందన్నది నిజమే. సభ్యుల ప్రాణాలు కూడ ప్రాణాలే. కాని వ్యాధి తగ్గిన తరువాత కూడ ఖాళీ కుర్చీల అలవాటు పోలేదు. 2024 ఎన్నికలలో పాలకులు మారారు. 151 స్థానాలున్న వైఎస్సార్ కాంగ్రెస్ 11కు వచ్చింది. ప్రతిపక్ష హోదా ఇవ్వలేదన్న కారణం చెప్పి వారు కూడ సభకు చాలా వరకు దూరంగా ఉన్నారు. ఒకప్పుడు అటువైపువారు రాలేదు, తరువాత ఇటువైపువారు రాలేదు. ఎవరి కారణం వారికి ఉంది. అడిగేవారు లేని లెక్క మాత్రం మనకు మిగిలింది.

అయితే చేతిలో లేని దాని మీద చేసిన తీర్మానానికి విలువే లేదా? ఉంది. మన జిల్లా చరిత్రే అందుకు సాక్ష్యం. 1966లో ఇదే రాష్ట్ర శాసనసభ విశాఖలో ఉక్కు కర్మాగారం పెట్టాలని ఏకగ్రీవంగా కోరింది. అప్పుడు కూడ నిర్ణయం ఢిల్లీదే. ఆ కోరిక కాగితం మీదనే ఉండిపోయే సూచనలు కనిపించాయి. అక్టోబరు 15న టి. అమృతరావు గారు విశాఖలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు కోల్పోయారని చెబుతారు. తెన్నేటి విశ్వనాథం గారు మొదలైనవారు ముందు నిలిచారు. పలువురు ప్రతిపక్ష సభ్యులు పదవులు వదలుకున్నారు. 1970 ఏప్రిల్ 17న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ గారు పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. కర్మాగారాన్ని జాతికి అంకితం చేసినది 1992 ఆగస్టు 1న, పి.వి. నరసింహారావు గారి కాలంలో. తీర్మానం నుండి అంకితం వరకు 26 ఏళ్ళు పట్టింది.

ఆ 26 ఏళ్ళలో మాట ఇచ్చినవారు, ప్రాణం ఇచ్చినవారు ఉన్నారు. భూమి ఇచ్చినవారు కూడ ఉన్నారు. అరవైకి పైగా గ్రామాలు లేచిపోయాయి. జీడితోటలు, తాటిచెట్లు, పితరుల సమాధులు విడిచి జనం వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ నిర్వాసిత కాలనీలకు వచ్చారు. వారిలో ఎందరికో ఈనాటికీ ఉద్యోగం రాలేదు. సభలో వినిపించిన మాటకు చేతులు, కాళ్ళు ఇచ్చినవారు వీరు.

2021 తీర్మానానికి కూడ బయట నిలబడినవారు ఉన్నారు. కూర్మన్నపాలెం కూడలిలో 2021 ఫిబ్రవరి 12న కార్మికులు మొదలుపెట్టిన రిలే నిరాహారదీక్షలు వెయ్యి రోజులు దాటి సాగాయి. విశాఖ ఉత్తర శాసనసభ్యుడు గంటా శ్రీనివాసరావు గారు అదే ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చారు. అది ఆమోదం పొందినది 2024 జనవరిలో. అమ్మాలనుకున్న ఆ కర్మాగారం నుండే 2021 ఏప్రిల్ 22న దేశంలో తొలి ఆక్సిజన్ రైలు ఏడు ట్యాంకర్లతో మహారాష్ట్రకు బయలుదేరింది. ఆ సంగతి ఎన్నో ఉపన్యాసాల కంటె బలంగా మాట్లాడింది. చివరకు 2025 జనవరి 17న కేంద్ర మంత్రివర్గం కర్మాగారానికి 11,440 కోట్ల రూపాయల సహాయం ఆమోదించినట్లు ప్రకటించింది. దానితో కష్టాలన్నీ తీరాయని మేము చెప్పడం లేదు. సొంత ఇనుప గనులు లేని కొరత పాతదే. ఆ ఏడాదే కాంట్రాక్టు కార్మికులు తమ తొలగింపులపై సమ్మె చేశారు. తీర్మానం ఒక్కటే ఈ సహాయం తేలేదు. తీర్మానం వెనుక మనుష్యులు నిలబడ్డారు.

ప్రియులారా, ఇప్పుడు మన సంగతి చూద్దాం. సభ చేసినదే మనము కూడ చేస్తుంటాము. సంఘ వార్షిక సమావేశంలో మన చేతిలో ఉన్న జమాఖర్చు అయిదు నిమిషాలలో చదివి, "అందరికీ అంగీకారమేనా" అంటే "అంగీకారమే" అని చేతులెత్తుతాము. దేశంలో జరిగే సంగతులపై మాత్రం గంటసేపు మాట్లాడతాము. ఇంట్లో కూడ అంతే. ముఖ్యమంత్రి చేసిన అప్పు గురించి అరుగు మీద వాదిస్తాము, వడ్డీవ్యాపారి దగ్గర మనము చేసిన అప్పు భార్యకు చెప్పము. గోపురం కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూసుకోవాలన్న ఉపమానం మన పిల్లలు ఆదివారపు బడిలో నేర్చుకున్నదే.

కాబట్టి రెండు పనులు చేయమని కోరుతున్నాము. మొదటిది, గ్రామసభకు వెళ్ళండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీలలో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. మీలో ఎందరు వెళ్ళారు? ఉపాధి హామీలో ఏ పని ముందు చేయాలో అక్కడ మీ నోటితో చెప్పవచ్చు. సహోదరీలు కూడ వెళ్ళాలి. నీళ్ళ సంగతి వారికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

రెండవది, మీ శాసనసభ్యుడు ఊరికి వచ్చినప్పుడు దండ వేసి, ఫోటో తీసుకుని పంపివేయకండి. మర్యాదగానే అడగండి. "అయ్యా, ఈ ఏడు సభకు ఎన్ని రోజులు వెళ్ళారు? బడ్జెట్‌లో మన మండలం గురించి ఏమి అడిగారు?" ఆయన ఏ పార్టీవారైనా ఇదే ప్రశ్న అడగండి. ఒకసారి అడిగితే నవ్వి ఊరుకోవచ్చు. పది ఊళ్ళలో అడిగితే జవాబు సిద్ధం చేసుకుని వస్తారు.

ఉక్కు కర్మాగారం వంటి పెద్ద సంగతులపై మన గొంతు వినిపించవలసిందే. అధికారులు వినేవరకు వినిపించాలి. అయితే ఢిల్లీ దాకా వెళ్ళే ఆ గొంతుకు బలం రావాలంటే, మన చేతిలో ఉన్న చిన్న లెక్కలు మనము సరిగా చూసుకుంటున్నామని నలుగురికీ తెలియాలి. ఈ నెలలో మీ ఇంటి జమాఖర్చు పుస్తకం తెరచి, కుటుంబమంతా కలిసి కూర్చుని ఒకసారి చదవండి. పిల్లలను కూడ కూర్చోబెట్టుకోండి.