గాటు ఎక్కడ పెట్టాలి?



సమతాస్థితి లెక్కలంటే మనలో చాలామందికి భయం. "భ్రామకం, బలయుగ్మం మనకెందుకురా, పోతే ఐదు మార్కులు" అని వదిలేస్తాం. నేనూ అలా అన్నవాణ్ణే. ఇప్పుడు నా అభిప్రాయం మారింది.

మా తాత బడికి పోలేదు. సంతకి కావడి మోసేవాడు. ఒకవైపు చింతపండు 12 కిలోలు, ఇంకోవైపు 8 కిలోలు ఉంటే, బద్ద నడిమి భాగాన్ని భుజానికి ఆనించడు. బరువు వైపుకి జరుగుతాడు. బద్ద 150 సెంటీమీటర్లు అనుకోండి. బరువు వైపు 60, తేలిక వైపు 90. 12×60=720, 8×90=720. సవ్య, అపసవ్య భ్రామకాలు సమానం. పుస్తకంలో ఉన్నది ఇదే కదా!

ఇక మన హాస్టల్ సంగతి. మోటారు పాడైతే బోరింగు నీళ్లు మోస్తాం. 2 మీటర్ల వెదురు కర్ర, మధ్యలో 30 కిలోల డబ్బా. గట్టు ఎక్కేటప్పుడు ముందు నేను, వెనక ఆరో తరగతి తమ్ముడు. వాడు ఆగి ఆగి నడుస్తుంటే "బద్ధకం" అని తిట్టాను. దించాక చూస్తే డబ్బా జారి వాడి భుజానికి అర మీటరు దూరంలో ఉంది.

ఆ రాత్రి స్టడీ అవర్‌లో బొమ్మ గీశాను. భ్రామకాలు నా భుజం దగ్గర తీసుకున్నాను. అక్కడ నేను మోసే బలానికి దూరం సున్నా, కాబట్టి అది లెక్కలోంచి పోతుంది. కిటుకు ఇదే. తమ్ముడి బలం×2 = 30×1.5. వాడు మోసింది 22.5 కిలోలు, నేను మోసింది 7.5! కర్ర వాలినంత మాత్రాన వాటా మారదు. డబ్బా జారితేనే మారుతుంది.

బలయుగ్మం గురించి ఒక మాట. కుళాయి తిప్పే రెండు వేళ్లలాగా, సమానమైన రెండు బలాలు ఎదురెదురు దిశల్లో, వేర్వేరు రేఖల మీద పనిచేస్తే అది బలయుగ్మం. 1803లో ఫ్రాన్స్ గణితవేత్త లూయీ ప్వాంసో దీన్ని తన పుస్తకంలో వివరించాడు. దాని భ్రామకం ఏ బిందువు దగ్గర తీసినా ఒకటే. నేను దాన్ని మళ్లీ దూరంతో గుణించి స్లిప్ టెస్టులో మార్కులు పోగొట్టుకున్నాను. మీరు చెయ్యకండి.

"మేమూ చిన్నప్పుడు అలాగే మోశాం" అంటారు అన్నలు. నిజమే. కానీ తెలియక మోయించడం వేరు, లెక్క తెలిశాక మోయించడం వేరు.

వార్డెన్ సార్‌కి నా మనవి: కర్రకి తాడు జారకుండా గాటు పెట్టించండి. నడిమిన వద్దు. పెద్దవాడి భుజానికి 80 సెంటీమీటర్ల దగ్గర పెడితే తమ్ముడికి 12, అన్నకి 18 కిలోలు వస్తాయి. వెదురు మొదలు బరువుగా ఉంటుంది కాబట్టి అది కూడా అన్న వైపే ఉండాలి.

ముందు వైపు నేనే పట్టుకుంటాను.