నత్తనడక పరుగు

మార్చిలో నా ఏ1సి 6.2 వచ్చింది. ఈ అంకె చూపించి "ప్రీడయాబెటిస్ అండీ, కాస్త ఒళ్ళు వంచాలి" అని రోగులకు చెప్పడం నాకు రోజూ ఉన్న పనే. కాగితం మీద నా పేరుండటమే కొత్త. మా నాన్నగారు 51వ ఏట గుండెపోటుతో పోయారు. నాకిప్పుడు 47.

ఎడిసన్‌లో రూజ్వెల్ట్ పార్కు చెరువు పక్కన పరుగు మొదలుపెట్టాను. పరుగు అనడం మర్యాదకే లెండి! నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. స్ట్రోలరు తోసుకొచ్చే తల్లులు కూడా నన్ను దాటిపోతారు. "నాన్నా, నీ పక్కన నేను నడిచే రాగలను" అంది మా అమ్మాయి. రమ్మన్నాను. శనివారాలు వస్తోంది, నడిచే.

నెమ్మది నామోషీ అనుకునేవారికొక మాట. 1973లో మొదలైన హొనొలులు మారథాన్‌కు కాలపరిమితే లేదు. దాన్ని ప్రారంభించినవారిలో డాక్టర్ జాక్ స్కాఫ్ గుండె వైద్యుడు. పరుగెడుతూ మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టేనని ఆయన పాఠం. మన లెక్కలో, కూకట్‌పల్లి ప్లాట్ల ధరల గురించి పక్కవారితో ఆపకుండా మాట్లాడగలిగితే చాలు. ఛాతీలో బరువు, ఆయాసం ఉన్నవారు మాత్రం ముందు డాక్టరును చూడండి.

గడియారం చూడటం మానేశాను. పరుగెత్తిన రోజు తెలుగు క్యాలెండరులో తిథి పక్కన ఎర్ర పెన్సిలు గీత, అంతే. వారానికి మూడు. శ్రావణంలో పేరంటాలకీ విందులకీ నాలుగు గీతలు తగ్గాయి. మా ఆవిడ లెక్కపెట్టి మరీ చూపించింది.