ఊరి మైదానానికి ఊరి నీరా
ఆబ్కారీ శాఖకు, స్పోర్ట్స్ అథారిటీకి బహిరంగ లేఖ

తెలంగాణ ప్రొహిబిషన్, ఎక్సైజ్ శాఖ కమిషనర్ గారికి,
తెలంగాణ స్పోర్ట్స్ అథారిటీ అధికారులకు,

విషయం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మైదానాల్లో గీత సంఘాల నీరా అమ్మకానికి అనుమతి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతానికి తాడి, ఈత చెట్లు రెండు పానీయాలు ఇస్తాయి: నీరా, కల్లు. చెట్టు నుంచి కారేటప్పుడు రసం తియ్యగా, మత్తు లేకుండా ఉంటుంది. అదే నీరా. లొట్టిలో, గాలిలో ఉండే ఈస్టు, బాక్టీరియా ఆ చక్కెరను పులియబెడితే కొన్ని గంటల్లో అది కల్లవుతుంది. అప్పుడు అందులో ఆల్కహాల్ సుమారు 4 నుంచి 6 శాతానికి చేరుతుంది. లొట్టి లోపల సున్నం పూసినా, రసాన్ని చల్లగా ఉంచినా ఈ మార్పు నెమ్మదిస్తుంది.

ఆట జరిగేచోట ఆ ఊరి పానీయమే అమ్మడం ఇతర దేశాల్లో స్థిరపడిన పద్ధతి. అమెరికాలో మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్లు చాలావరకు చిన్న నగరాలవి. అక్కడి చాలా మైదానాల్లో స్థానికంగా కాచిన బీరు దొరుకుతుంది. నార్త్ కరోలినాలోని డర్హమ్ బుల్స్ జట్టు మైదానంలోనైతే బ్రూవరీయే ఉంది. ప్రేక్షకుడు పెట్టే డబ్బు ఆ ఊరి ఉత్పత్తిదారుకే చేరడం ఈ పద్ధతిలోని మేలు.

ఇక్కడి మైదానాలకు తగినది కల్లు కాదు, నీరా. రాష్ట్ర ప్రభుత్వం జరిపే సీఎం కప్ వంటి పోటీల్లో ఆడేవారిలో బడిపిల్లలూ ఉంటారు. వాళ్ల మధ్యకు మత్తు పానీయం రాకూడదు. కల్తీ భయం కూడా ఉంది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ దెబ్బ నిజాయితీగా చెట్టెక్కే గీత కార్మికుల పేరు మీద కూడా పడింది. పరీక్షించి, ముద్ర వేసి అమ్మే నీరా ఆ నమ్మకాన్ని తిరిగి నిలబెట్టగలదు. నీరాలో చక్కెర ఎక్కువ కాబట్టి, మధుమేహం ఉన్నవారికి హెచ్చరిక సీసా మీదే ఉండాలి.

నీరా అమ్మకం దేశంలో కొత్త కాదు. కేరళ 2014లో కొబ్బరి రైతుల కంపెనీలకు నీరా లైసెన్సులు ఇచ్చింది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ 2023లో తెరుచుకుంది. జిల్లాల్లో అసలు సమస్య చల్లదనం. తెల్లవారుజామున దించిన రసం ఎండెక్కేలోపు శీతల పెట్టెలోకి చేరకపోతే పులుస్తుంది. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరి పూగుత్తికే తగిలించే మంచుపెట్టెను రూపొందించింది. తాడిచెట్టుకు అనువుగా దాన్ని మార్చి చూడవచ్చు. 2024లో మొదలైన కాటమయ్య రక్షణ కవచం కిట్లు చెట్టెక్కే మనిషికి భద్రత ఇస్తున్నాయి. దించిన రసానికి కూడా అంతటి రక్షణ కావాలి.

ఆబ్కారీ శాఖ చేయవలసినవి మూడు. మైదానాల్లో అమ్మకానికి గీత సహకార సంఘాలకు, టీఎఫ్‌టీ (ట్రీ ఫర్ ట్యాపర్) పథకం కింద విడిగా లైసెన్సు ఉన్న గీత కార్మికులకు ప్రత్యేక నీరా అనుమతి ఇవ్వాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఒక్కో శీతల సేకరణ కేంద్రం పెట్టాలి. ప్రతి విడతను అమ్మకానికి ముందే ఆల్కహాల్, కల్తీ కోసం పరీక్షించాలి. స్పోర్ట్స్ అథారిటీ చేయవలసినది ఒకటి: జిల్లా స్థాయి పోటీలు జరిగే రోజుల్లో గీత సంఘాలకు అద్దె లేని స్టాలు కేటాయించాలి.

ఈత గీత చలికాలంలో, తాడి గీత వేసవిలో ముమ్మరంగా సాగుతుంది. అందువల్ల మొదటి ప్రయోగం చలికాలపు పోటీల్లో ఈత నీరాతో మొదలుపెట్టి, ఫలితం చూసి వేసవిలో తాటి నీరాకు విస్తరించడం మేలు.