తొట్టి కడగవద్దండి

హాల్లోని చేపల తొట్టిని ఈ ఆదివారం ఖాళీ చేసి, బ్లీచింగ్ వేసి తోమాలని కమిటీ అంటోంది. నేను ఒప్పుకోను. నాది తమిళ బడి చదువు, తెలుగులో తప్పులుంటే దిద్దండి. లెక్క మాత్రం తప్పు కాదు.

గోల్డ్‌ఫిష్‌లకు తెల్లచుక్కలు వచ్చాయి, మెథిలీన్ బ్లూ పోశాం, చుక్కలు పోయాయి. సంతోషం. కానీ ఆ మందు ఫిల్టర్ స్పాంజిలో కాపురమున్న మంచి బాక్టీరియానూ దెబ్బ తీసింది. చేపలు విడిచే అమ్మోనియాను ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. వచ్చిన సరుకు దించే కూలీలే లేకపోతే గూడ్స్ షెడ్డు ఏమవుతుందో నాకు తెలుసు.

కొళత్తూరులో కొన్న కిట్‌తో నిన్న చూశాను. అమ్మోనియా 2 పీపీఎం. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలి అనుకుని పిడికెడు మేత వేస్తున్నారే, అది విషం పెంచడమే! మిగిలిన కాస్త బాక్టీరియాను బ్లీచింగ్‌తో చంపుతారా? నీళ్లు అద్దంలా ఉంటే చాలునా?

ఇంట్లో నేనూ స్పాంజిని కొళాయి కింద తెల్లగా ఉతికినవాణ్ణే. మెట్రో నీళ్లలో క్లోరిన్ ఉంటుందని తోచలేదు. వారంలో 6 చేపలు పోయాయి.

యాక్టివేటెడ్ కార్బన్ పెడితే మందు లాగేస్తుంది. క్లోరిన్ తీసిన నీళ్లతో రోజూ పావు వంతు మార్చాలి. మేత చిటికెడు, అదీ రోజు విడిచి రోజు. స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండాలి. మా తొట్టిలో జబ్బు లేదు, దాని పాత స్పాంజి సగం కోసి ఇస్తాను. 4 నుంచి 6 వారాలు పట్టవచ్చు. అంతవరకు కొత్త చేపలు వద్దు.

కిట్ ఖర్చు నాదే. ఆదివారం ఎవరూ బ్లీచింగ్ తేవద్దు.