హాజరు పట్టీలో పేరు, చేలో మనిషి

చదువుకునే పిల్లలు పని ముట్టుకోకూడదనే వారితో నాకు పేచీ ఉంది. కష్టపడి చదివితేనే బుద్ధొస్తుందని వేదికలెక్కి మెచ్చుకునే వారితో అంతకన్నా పెద్ద పేచీ ఉంది. హైస్కూల్లో ఉండగా ఒక్కనాడైనా కూలికి పోనివాళ్ళెందరో మన హాస్టల్లోనే అడిగి చూడండి. పని తప్పు కాదు. ఆ పని ఎవరి వేళను మింగుతోందన్నదే ప్రశ్న.

మా గద్వాల వైపు విత్తన పత్తినే తీసుకోండి. సంకర విత్తనం కావాలంటే సాయంత్రం మొగ్గ ఒలిచి కేసరాలు తీసెయ్యాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి అద్దాలి. పత్తి పూసినన్నాళ్ళూ ఇది రోజూ జరగాల్సిందే. పువ్వు ఆదివారం దాకా ఆగదు కదా! బడిగంట కొట్టే వేళకే అది విచ్చుకుంటుంది. ఈ పనికి ఎక్కువగా పిలిచేది ఆడపిల్లల్ని. ఇక మిరపకోతలంటారా, అవి పదో తరగతి పరీక్షల ముందే ముమ్మరమవుతాయి.

మరి చట్టం లేదా? ఉంది. 1986 నాటి చట్టాన్ని 2016లో సవరించి, 14 ఏళ్ళలోపు వారిని ఏ పనిలోనూ పెట్టరాదన్నారు. బడివేళ కానప్పుడు ఇంటివారి పనిలో సాయం చెయ్యడానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. 14 దాటితే ప్రమాదకరమైనవి తప్ప మిగతా పనులు చెయ్యవచ్చు. 2009 విద్యాహక్కు చట్టం కూడా 14 ఏళ్ళ దగ్గరే ఆగిపోయింది. అంటే తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టేసరికి రెండు గొడుగులూ ఒకేసారి ముడుచుకుంటాయన్నమాట!

అనుమతి ఉన్న సంస్థల్లో సైతం రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా ఈ వయసు వారిచేత పని చేయించరాదు. మంచిదే. కానీ బడికి పోయేవాడికి ఇక మిగిలేది సాయంత్రం రెండు మూడు గంటలు. ఆ కాస్తకు ఎవరు పిలుస్తారు? అందుకే వాడు చట్టం కాదన్న వేళైనా పనిచేస్తాడు, లేదా బడైనా ఎగ్గొడతాడు.

రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పిల్లల్ని పనుల్లోంచి బడికి తెచ్చిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడేనన్నది ఆ ఉద్యమం నేర్పిన మాట. ఆ మాటను ఇంకొంచెం ముందుకు తీసుకుపోవాలంటాను. హాజరు పట్టీలో పేరుండి చేలో మనిషి ఉన్నవాళ్ళ సంగతేమిటి?

"కూలి మానితే పొయ్యి వెలగొద్దా?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కేంద్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతిలో పరీక్ష పెట్టి, నెగ్గిన పేద విద్యార్థులకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయల ఉపకారవేతనం ఇస్తోంది. రోజుకు లెక్కేస్తే 33 రూపాయలు! ఒక్కపూట కూలికి కూడా సరిరాదు. అదైనా పరీక్ష నెగ్గినవాడికే. పొద్దున చేలో వంగిన పిల్ల ఆ పరీక్షలో ఎవరితో పోటీపడాలి?

కనుక నేను కోరేవి రెండే. విద్యాహక్కు పదో తరగతి దాటేదాకా నడవాలి. ఉపకారవేతనం మార్కులను కాక అవసరాన్ని చూసి, కూలి నష్టానికి సరితూగేలా ఇవ్వాలి.

అవి ప్రభుత్వం చేసేదాకా మనం చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. దగ్గరి హైస్కూల్లో సాయంత్రం గంటసేపు ఉచితంగా పాఠం చెప్పడానికీ, ఆ దరఖాస్తులు దగ్గరుండి నింపించడానికీ పదిమంది చాలు. యూనియన్ మిత్రులారా, వచ్చే ఏడాది కార్యక్రమాల్లో మొదటి వరుసలో దీన్ని రాసుకోండి. నా పేరు ఇప్పుడే రాసుకోవచ్చు.