బాలింతను ఎవరూ అడగని ప్రశ్న

రెండు నెలలు నిండిన బిడ్డ తల్లి ముఖం కేసి చూసి ‘ఊ’ అంటుంది. తల్లీ ‘ఊ’ అంటుంది. నీళ్లు పోశాక కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఆడించే కాసేపట్లో ఈ ఊకొట్టడం పదిసార్లయినా జరుగుతుంది. బంధం అల్లుకునేది ఇలాగే. తల్లి మనసు కుంగితే పాలివ్వడం, గుడ్డలు మార్చడం చాలావరకు ఆగవు. ముందు ఆగేది ఆ బదులు పలకడం. అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో తల్లులను కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డ ఎదుట కూర్చోమన్నాడు. బిడ్డలు నవ్వి చూశారు, చేతులు చాచారు, చివరికి ముఖం తిప్పేసుకున్నారు. అది నిమిషాల ముచ్చట. కుంగుబాటు నెలల తరబడి ఉంటుంది.

కాన్పయిన మూడు నాలుగు రోజులకు ఊరికే ఏడుపు రావడం చాలామంది బాలింతలకు ఉన్నదే. రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గక, నిద్ర పట్టక, బిడ్డను ఎత్తుకోవాలనే అనిపించకపోతే అది జబ్బు. వర్ధమాన దేశాల్లో 100 మంది బాలింతల్లో దాదాపు 20 మందికి మానసిక సమస్య, ఎక్కువగా కుంగుబాటు, వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇళ్లల్లో దీని పేర్లు వేరు: దిష్టి, గాలి, బద్ధకం. బద్ధకమన్న మాట అత్తగారింట్లోనే కాదు, పుట్టింట్లోనూ వినిపిస్తుంది.

కాయం, చెవుల్లో దూది, నడికట్టు, సాంబ్రాణి ధూపం: భీమడోలు నుంచి కొల్లేటి లంకల దాకా బాలింత ఒంటికి జరిగే ఉపచారాలకు లోటు లేదు. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. బిడ్డ బరువు తూస్తుంది, జ్వరం చూస్తుంది, తల్లి ఎన్నిపూటలు తింటోందో రాసుకుంటుంది. ఆ ఫారంలో తల్లి మనసు సంగతి వచ్చేది ఒక్కచోటే: అసహజంగా మాట్లాడుతోందా, ఫిట్స్ వస్తున్నాయా అని. మతి తప్పిన బాలింత ఆ ప్రశ్నకు దొరుకుతుంది. గోడవైపు తిరిగి పడుకుని ‘బాగానే ఉన్నానండీ’ అనే బాలింత దొరకదు.

పైగా తొలి కాన్పు పుట్టింట్లో. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవారింటికి వెళ్లేసరికి ఆ ఆరు రాకలూ అయిపోయి ఉంటాయి. తర్వాతి రాకలు బిడ్డ ఎదుగుదల కోసం. భర్త రాత్రుళ్లు చేపల చెరువు కాపలాకు పోతే, ఏడ్చే బిడ్డతో మిగిలేది ఆమె ఒక్కతే. కుంగుబాటు ఏడాదిలోపు ఎప్పుడైనా మొదలుకావచ్చు.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద డాక్టరే అక్కర్లేదు. 1987లో వచ్చిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి 10 ప్రశ్నలు. తగ్గించడానికీ అంతే. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి, కుంగుబాటు ఉన్న తల్లుల ఇళ్లకు సాయంగా పంపారు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం బిడ్డకు ఆరు నెలలు నిండేసరికి ఆ సాయం అందినవారిలో 23 శాతం మందికే కుంగుబాటు మిగిలింది. అందనివారిలో 53 శాతం.

6, 10, 14 వారాల టీకాలకు తల్లి బిడ్డనెత్తుకుని తానే వస్తుంది. ఏలూరు జిల్లా వైద్యారోగ్య శాఖ ఆ పది ప్రశ్నలను తెలుగులో అచ్చువేయించి ఏఎన్‌ఎంల చేతికివ్వాలి. సూది వేసేలోపు బిడ్డ సంగతితో పాటు తల్లి సంగతీ అడిగించాలి. అంతదాకా 2022 అక్టోబరులో మొదలైన మానసిక సాయం ఫోన్ సేవ టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే రాత్రయినా పగలయినా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

– ఒక పాఠకురాలు, భీమడోలు