దాయాదుల కథ: యక్షులు, రాక్షసులు, మన పిల్లలు



ఈ మాసమున మా శీర్షికకు విషయమును మేము వెదకుకొనలేదు. అది మా యింటి వసారాలో ఒక నోటుపుస్తకము రూపమున మాకు దొరకినది.

వేసవి సెలవులలో మా బావగారి కుమారుడు హనుమకొండనుండి వరంగల్లులోని మా యింటికి వచ్చి యుండెను. వానికి 13 ఏండ్లు, మా పెద్దవానికి 12. వీరిద్దరును మావారు బడి గ్రంథాలయమునుండి తెచ్చిన యొక ఆంగ్లకథను చదివి, తామును అట్టి లోకమొకటి కల్పింపవలెనని పూనుకొనిరి. పద్మాక్షి గుట్టను బోలిన గుట్టలు, భద్రకాళి చెరువును బోలిన చెరువు, గుట్టల క్రింద గనులు, గుహలు, అన్నియు రంగుపెన్సిళ్లతో పటముగా గీసిరి. గనులలో మరుగుజ్జులు కాపురముందురట. గుహలలో గాబ్లిన్లుందురట. మరుగుజ్జులు పొట్టివారు, గడ్డములవారు, లోహపు పనిలో ఆరితేరినవారు, ధనమును కాచుకొనువారు. గాబ్లిన్లును పొట్టివారే గాని వికృతరూపులు, చీకటిలో తిరుగువారు, దోచుకొనువారు. ఈ రెండు జాతులకును తరతరముల వైరము.

"నాయనా, ఒకే గుట్ట క్రింద నుండి, ఒకే యినుము త్రవ్వుకొని, ఒకే చెరువు నీరు త్రాగువారికి పగ యెట్లు వచ్చినది?" అని మేమడిగితిమి.

"గాబ్లిన్లు పుట్టుకతోనే చెడ్డవారమ్మా, అందుకే" అని మావాడు చెప్పెను. వాని అన్నయు తల యూపెను.

ఆ సమాధానము మాకు రుచింపలేదు. మా నాయనగారు బాల్యమున మాకు అమరకోశమును, రామాయణమును ఇంటనే చెప్పిరి. పుట్టుక యొకటే చాలును, పగకు వేరు కారణమక్కరలేదని ఆ చదువులో మేమెన్నడును వినలేదు. కావున పిల్లలకు మన కథ యొకటి చెప్పి, వారి లోకమునకు పునాది సరిచేయవలెనని తలచితిమి. ఆ తలంపు చివరకు మమ్మే సరిచేసినది. అదియే యిప్పుడు మీతో చెప్పుకొనుచున్నాము.

ముందుగా ఆ పొట్టివారి పుట్టినింటి సంగతి కొంచెము వినుడు. 13వ శతాబ్దిలో, మన తిక్కన సోమయాజి కాలముననే, ఐస్లాండు ద్వీపమున స్నోర్రి యను పండితుడు ఆ దేశపు పురాణగాథలను గ్రంథముగా కూర్చెను. అందు మరుగుజ్జులు భూమిలోపల నుండు శిల్పులు. దేవతల వజ్రాయుధము వంటి సుత్తిని చేసినవారు వారే. జర్మనీ దేశపు గనులలో పనిచేయువారు కోబోల్డులను చిలిపి భూతములు గనులలో నున్నవని నమ్మిరి. వెండివలె కనబడి, కాల్చినచో వెండి నీయక విషపు పొగను విడుచు రాయి దొరకినప్పుడు, అది కోబోల్డుల మాయ యనిరి. ఆ పేరే నేడు కోబాల్టు అను లోహమునకు నిలిచినది. ఇక టోల్కీన్ అను ఆంగ్ల పండితుడు 1937లో ప్రకటించిన 'హాబిట్' అను కథలో మరుగుజ్జులకును గాబ్లిన్లకును ఘోరయుద్ధము జరుగును. అయినను సొరంగములు త్రవ్వు విద్యలో గాబ్లిన్లు మిగుల నేర్పరులనియు, మిక్కిలి నిపుణులైన మరుగుజ్జులు మాత్రమే వారిని మించగలరనియు ఆ రచయితయే చెప్పెను. చూచితిరా, నివాసమొకటి, వృత్తి యొకటి. చుట్టరికము మాత్రము ఆ కథలో నెవ్వరును చెప్పరు.

మన వాఙ్మయము ఆ చుట్టరికమును దాచదు. పొట్టివాడు, బొజ్జవాడు, నిధులను కాచువాడు ఎవడు? కుబేరుడు. ఆయన శరీరము సొంపైనది కాదనియే ఆ పేరు వచ్చినదని పెద్దలందురు. ఆయన ప్రజలు యక్షులు. నిధులను మరుగుపరచి కాచు గుహ్యకులకును ఆయనయే ప్రభువు. రాత్రి తిరుగువారు, బలవంతులు, పరధనమును కోరువారు రాక్షసులు. అమరసింహుడు యక్షులను, రాక్షసులను ఒకే వరుసలో నుంచి, ఉభయులును దేవయోనులే యనెను. 'పుణ్యజనుడు' అను మాటను రాక్షసుని పేళ్లలో చేర్చెను. కుబేరుని పేళ్లలో 'పుణ్యజనేశ్వరుడు' అనియు చేర్చెను. అనగా ఒకే మాట ఉభయ జాతులకును పేరైనది. పులస్త్యుని వంశమువాడగుటచే కుబేరుడును పౌలస్త్యుడే, రావణుడును పౌలస్త్యుడే.

రామాయణపు ఉత్తరకాండ వీరి పుట్టుకను ఇట్లు చెప్పును. బ్రహ్మ మొదట జలములను సృజించి, వానిని కాచుటకు ప్రాణులను పుట్టించెను. ఆకలిదప్పులతో నున్న ఆ ప్రాణులతో, ఈ నీటిని కాపాడుడని చెప్పెను. రక్షింతుమన్నవారు రాక్షసులైరి, యక్షింతుమన్నవారు, అనగా పూజింతుమన్నవారు, యక్షులైరి. ఒకే దినమున, ఒకే యాకలితో, ఒకే పని కొరకు పుట్టినవారు! వారి నడుమ భేదము పలికిన మాట యొక్కటే.

పగ తరువాత వచ్చినది. సముద్రమధ్యమునందలి లంకను విశ్వకర్మ రాక్షసుల కొరకే కట్టెను. విష్ణువుతో యుద్ధమున ఓడి వారు పాతాళమునకు పారిపోగా లంక పాడుపడినది. విశ్రవసుడను ఋషి భరద్వాజుని కుమార్తెయందు కన్న కుబేరుడు గొప్ప తపస్సు చేసి, ధనాధిపత్యమును పుష్పకమును పొంది, నివాసమెక్కడ అని తండ్రి నడుగగా, పాడుపడిన లంకలో నుండుమని ఆయన చెప్పెను. ఇందు కుబేరుని తప్పేమున్నది? కట్టించుకొన్న యిల్లు పోగొట్టుకొన్న రాక్షసుల బాధ మాత్రము అబద్ధమా? నిజమైన పగ యెప్పుడును ఇట్లే యుండును. ఇరువురి చేతులలోను ఒక్కొక్క దస్తావేజుండును.

పుష్పకములో పోవు కుబేరుని సుమాలి యను రాక్షసుడు చూచెను. చూచి, తన కూతురు కైకసిని ఆ విశ్రవసునికే భార్యవు కమ్మని పంపెను. ఆమెకు రావణుడు, కుంభకర్ణుడు, శూర్పణఖ, విభీషణుడు కలిగిరి. కుబేరుడు వీరికి సవతి యన్న. ఆ పిల్లలు పుట్టగానే లంకపై పడలేదు, అన్నను ద్వేషింపనులేదు. ఒకనాడు కుబేరుడు తండ్రిని చూడవచ్చెను. అప్పుడు కైకసి కుమారుని పిలిచి, అన్న తేజస్సును చూడుము, సమానులై పుట్టియు నీవెట్లున్నావో చూచుకొనుము, వానివంటివాడవు కమ్మని చెప్పెను. ఆ మాటతో రావణుని గుండెలో అసూయ పుట్టినదని కవి వ్రాసెను. గోకర్ణమునందలి ఘోరతపస్సునకు మూలమా మాటయే.

ఈ ఘట్టము చదువుచు మేము పుస్తకము మూసివేసితిమి. కారణము చెప్పెదము.

పిల్లల పటమును చూచిన మూడవనాడు సాయంకాలము, మావారు ఇద్దరికిని ఒకే లెక్కల నిచ్చిరి. బావగారి కుమారుడు వానిని త్వరగా ముగించెను. మావాడు సగములో చిక్కుపడెను. వంటయింటిలో నుండి మేము, "అన్నను చూడుము, నిన్ను చూచుకొనుము. ఒకే యింటి బిడ్డలు గదా, వానివలె నెప్పుడగుదువు?" అంటిమి. మంచికే యంటిమి. అని, పొయ్యిమీది పప్పు సంగతి చూచుకొంటిమి.

మరునాటినుండి వసారాలో మాటలు తగ్గినవి. రెండు దినములకు ఆ పిల్లవాడు, "పిన్నీ, ఇంటికి పోయెదను" అని, సెలవులు మిగిలి యుండగనే బస్సెక్కి పోయెను. ఇంటిమీద బెంగ గలిగినదనుకొంటిమి. గది యూడ్చునప్పుడు నోటుపుస్తకము కనబడినది. పటములో గుట్ట నడుమ నల్లని సిరాతో గోడ గీయబడి యున్నది. గోడకావల గాబ్లిన్ల రాజు కొలువుదీరి యున్నాడు. ఆ రాజునకు మావాడు పెట్టిన పేరు వాని యన్నను మేము ముద్దుగా పిలుచుకొను పేరే. ఆ పుస్తకము చేతనుండగనే, పిల్లలకు చెప్పుటకై ఉత్తరకాండ విప్పితిమి. కైకసి మాట యెదురైనది. ఆమె మాటయు మా మాటయు ఒకటే!

సోదరీమణులారా, కైకసిని మనము రాక్షసి యనుకొందుము. ఆ క్షణమున ఆమె రాక్షసి కాదు, కొడుకు పైకి రావలెనని కోరు తల్లి. మన యిండ్లలో దినమునకెన్నిసారులు ఆ మాట యందుమో యెవరికి వారే లెక్కించుకొనుడు. తెలుగున 'దాయ' యను మాటకు నిఘంటువులలో జ్ఞాతి యనియు శత్రువనియు రెండర్థములున్నవి. సంస్కృతమున 'భ్రాతృవ్య' శబ్దమును అట్టిదే. ఆ రెండవ యర్థము శబ్దముతో పుట్టినది కాదు, ఇండ్లలో పెరిగినది.

మన ఓరుగల్లునకును ఇట్టి కథతో సంబంధమున్నది. నెల్లూరి మనుమసిద్ధిని దాయాదులైన అక్కన బయ్యనలు రాజ్యభ్రష్టుని చేయగా, తిక్కన కవి యీ యూరికి వచ్చి, గణపతిదేవ చక్రవర్తి సాయమును కోరి, రాజ్యము మరల నిలిపించెనని ప్రసిద్ధమైన గాథ. ఆ తిక్కనయే రావణుని పుట్టుకను, కుబేరుని కథను నిర్వచనోత్తర రామాయణముగా తెలిగించి మనుమసిద్ధికే అంకితమిచ్చెను. దాయాదుల పోరు చవిచూచిన రాజునకు ఆ కథ పరుల కథగా తోచియుండదు.

కథలో తరువాత సంగతియు చెప్పవలెను. లంక నడుగుమని సుమాలి ప్రేరేపించినప్పుడు, కుబేరుడు పెద్దవాడు, పూజ్యుడు, అట్లనరాదని రావణుడే మొదట పలికెను. అప్పుడు ప్రహస్తుడు, అదితియు దితియు అక్కచెల్లెండ్రు గారా, వారి బిడ్డలు దేవదైత్యులై పోరాడలేదా యని పాతపగను దృష్టాంతముగా చూపి వాని మనస్సు మార్చెను. పగకు పగయే గురువైనది. కుబేరుడు యుద్ధము చేయలేదు. నా పురమును రాజ్యమును నీవియే యని చెప్పిపంపి, తండ్రి మాట విని కైలాసమునకు వెడలి, అచట అలకాపురిని నిర్మించుకొనెను. అయినను రావణుడు ఊరకుండలేదు. హితవు చెప్పవచ్చిన అన్నగారి దూతను చంపి, అలకపై పడి, యక్షుల నోడించి, పుష్పకమును తెచ్చుకొనెను. ఇంత పగలోను విభీషణుడొకడు ధర్మము విడువలేదు.

ఆ ఆదివారము మావానిని వెంటబెట్టుకొని హనుమకొండకు పోతిమి. మా తోడికోడలితో, "అక్కా, తప్పు మాది" అని జరిగినదంతయు చెప్పితిమి. ఆమె నవ్వి, "నేను మా వానితో మీవాని చేతివ్రాత చూడుమని దినమును అనుచుంటిని, చెల్లీ" అనెను. ఇద్దరము కొంతసేపు మాటాడలేదు. పిమ్మట పిల్లలిద్దరిని కూర్చుండబెట్టి కుబేర రావణుల కథను మొదటినుండి చెప్పితిమి. కైకసి మాట వచ్చినచోట మావాడు మా ముఖము వంక చూచెను. మేము తలవంచుకొని, "అవును నాయనా, నేనును అట్లే యంటిని" అని ఒప్పుకొంటిమి.

"ఆమె ఆ మాట యనకున్నచో రావణుడేమగునమ్మా?" అని వాడడిగెను. మాకు సమాధానము తోచలేదు.

మీ పిల్లలును ఇట్టి లోకములను కల్పించినచో వలదనకుడు. అది మంచి విద్య. కాని ప్రక్కన కూర్చుండి నాలుగు ప్రశ్నలడుగుడు. ఈ రెండు జాతులకును తాత యెవరు? వీరు మొదట కలిసి కాచినదేమి, నీరా, గనియా, ఇల్లా? తొలి పొల్లుమాట యెవరన్నారు, ఎందుకన్నారు? ప్రతి జాతిలోను పగబట్టనివాడు ఒక్కడైన ఎవడు? ఈ నాలుగింటికిని సమాధానము చెప్పినచో వారి కథ బలపడును, చెడ్డవానికిని ఒక యిల్లు, ఒక తల్లి, ఒక న్యాయము ఏర్పడును. పుట్టుకతోనే చెడ్డవారను మాటకు పనియుండదు.

నోటుపుస్తకమిప్పుడు హనుమకొండలో నున్నది, వచ్చే వారము మా యింటికి వచ్చును. గోడ యింకను ఉన్నది. సిరాగీత యగుటచే చెరుపరాదట. గాబ్లిన్ల రాజు పేరు మాత్రము కొట్టివేయబడినది. పటము మీది మూలలో, రెండు జాతులకు పైగా, ఒక ముసలమ్మ బొమ్మ క్రొత్తగా వెలసినది. ఆమె యెవరని యడుగగా, "ఇద్దరికిని నాయనమ్మ" యనిరి. ఆమె యేమి మాటాడునో యింకను నిశ్చయింపలేదట.